నాన్న గూగుల్ అకౌంట్‌కి వారసురాలిగా నా పేరు పెట్టడం ఎలా? మూడు గంటలుగా కుదరట్లేదు

పాలకొండ పిల్ల, రాత్రి 11:10
అందరికీ నమస్కారం. మా నాన్నకి వచ్చే బుధవారం విశాఖలో బైపాస్. ఆయన సేకరించిన రికార్డింగులన్నీ ఆయన గూగుల్ అకౌంట్‌లోనే ఉన్నాయి. "నాకేమన్నా అయితే ఆ రికార్డింగులు పోకూడదమ్మా, నీ చేతికి వచ్చేలా చూడు" అని నాలుగు రోజులుగా అదే మాట. గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని, మనం అకౌంట్ వాడటం ఆగిపోతే అందులోవి మనం చెప్పినవాళ్లకి అందించే సెట్టింగ్ ఉంటుందని చదివి ఎనిమిదింటికి కూర్చున్నాను. ఆ పేజీ తెరిస్తే ఈ సెట్టింగ్ మీ అకౌంట్‌కి అందుబాటులో లేదు అంటోంది. బ్రౌజర్ మార్చాను, క్యాష్ క్లియర్ చేశాను, ఫోన్లోనూ ల్యాప్‌టాప్‌లోనూ చూశాను. తమ్ముడి అకౌంట్‌లో మాత్రం అదే పేజీ చక్కగా వస్తోంది. టెన్షన్‌తో బుర్ర పనిచేయట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సర్వర్ సుబ్బు, 11:16
మెయిల్ ఐడీ చివర ఏముంది?

బ్యాంకు మాస్టారు, 11:31
అమ్మా, నాన్నగారు క్షేమంగా ఇంటికొస్తారు. కానీ అడిగావు కాబట్టి ముందు ఒకటి తెలుసుకో. నామినీ వేరు, వారసుడు వేరు. బ్యాంకులో 33 ఏళ్లు పనిచేశాను. నామినీగా పేరున్న కొడుకు వచ్చి డబ్బంతా తనదే అనుకోవడం, వెనకాల తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడటం ఎన్నోసార్లు చూశాను. నామినీ డబ్బు అందుకుంటాడు, అంతే. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ కొడుకులకీ కూతుళ్లకీ, తల్లి ఉంటే ఆవిడకీ సమాన వాటా. షేర్ల విషయంలోనూ నామినీ సొంతదారు కాడని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఇంకో మాట. పిన్ తెలుసు కదా అని మనిషి పోయాక ఏటీఎంలో డబ్బు తీయకండి. రేపు మిగతా వారసులు అడిగితే జవాబు చెప్పుకోలేరు. నామినీ ఉంటే, కాగితాలన్నీ ఇచ్చాక 15 రోజుల్లో బ్యాంకే ఇస్తుంది.

పాలకొండ పిల్ల, 11:38
సర్, బ్యాంకులో అమ్మ పేరు ఉంది. నా ప్రశ్న గూగుల్ గురించి. సుబ్బు గారూ, ఫోన్ శాంసంగ్.

సర్వర్ సుబ్బు, 11:39
ఫోన్ కాదు. ఐడీ చివర జీమెయిల్ అని ఉందా, ఇంకేదన్నా ఉందా?

తోటకూర వనజ, 11:44
నాది ఐఫోన్. ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్ అని ఉంటుంది, అంటే మనం పోయాక మన అకౌంట్‌లోవి చూడగలిగే మనిషి. ఐదుగురిని పెట్టుకోవచ్చు. మా అమ్మాయిని పెట్టాను. ఒక కీ ఇస్తుంది, ప్రింట్ తీసి బీరువాలో గోల్డ్ లోన్ కాగితాలతో పాటు పెట్టాను. ఆ కీ, మరణ ధ్రువీకరణ పత్రం రెండూ చూపిస్తేనే తెరుస్తారు. ఫొటోలు, నోట్సు వస్తాయి. సేవ్ చేసిన పాస్‌వర్డులు మాత్రం రావు, అవి విడిగా రాసిపెట్టుకోవాలి.

తెలుగు దివ్వె, 11:52
శీర్షికలో "వారసురాలు" అన్న మాట దయచేసి మార్చండి. గూగుల్లో మనం పెట్టేది నమ్మకస్తుల పేరు. ఆస్తికీ దానికీ సంబంధం లేదు. ఈ డిజిటల్ ఆస్తి, డిజిటల్ వారసత్వం అనే మాటల వల్లే, సెట్టింగ్‌లో పేరు పెడితే హక్కు రాసిచ్చినట్టే అనుకుంటున్నారు జనం. "అప్పగింత" అందాం. సరిగ్గా సరిపోతుంది.

తోటకూర వనజ, 11:55
అప్పగింతలు పెళ్లిలో మాటండీ. ఆడపిల్లని పంపించేటప్పుడు అనే మాట చావుకి వద్దు. వినడానికే కష్టంగా ఉంది.

బ్యాంకు మాస్టారు, 11:58
వారసుడో నమ్మకస్తుడో, కాగితం మీద సంతకం లేనిదే దేనికీ విలువ లేదు. వీలునామాలో ఒక వాక్యం రాయించండి: నా రాతలు, రికార్డింగులు ఫలానావారికి చెందాలి అని. ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది.

తెలుగు దివ్వె, 12:02
వీలునామా ఉన్నంత మాత్రాన లాక్ తెరుచుకోదు కదండీ మాస్టారూ. రెండూ కావాలి. నా బాధ మాట గురించే.

పాలకొండ పిల్ల, 12:09
సారీ, ఇప్పుడు చూశాను. జీమెయిల్ కాదు, చివర కాలేజీ పేరు ఉంది. నాన్న డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్. 2019లో రిటైరయ్యారు. వాళ్లు ఇచ్చిన ఐడీనే ఇప్పటికీ వాడుతున్నారు. ఇది ముఖ్యమని అనుకోలేదు.

సర్వర్ సుబ్బు, 12:12
అదే కారణం. కాలేజీ, ఆఫీసు అకౌంట్లకి ఆ సెట్టింగ్ రాదు. అకౌంట్ కాలేజీది, అడ్మిన్ (కాలేజీ తరఫున అకౌంట్లు చూసే వ్యక్తి) ఏ రోజైనా మూసేయొచ్చు. చావు దాకా అక్కర్లేదు. ముందు రికార్డింగులు బయటికి తీయండి. గూగుల్ టేకవుట్‌కి (అకౌంట్‌లోవన్నీ ఒకేసారి దించుకునే పేజీ) వెళ్లి డ్రైవ్ ఒక్కటే టిక్ పెట్టండి. లింకు మెయిల్‌కి వస్తుంది, వారంలోపు దించుకోవాలి. అడ్మిన్ టేకవుట్ ఆపేసి ఉంటే ఫోల్డర్లు ఒక్కొక్కటిగా డౌన్‌లోడ్. సైజు ఎంత?

పాలకొండ పిల్ల, 12:20
38 జీబీ. అన్నీ జముకుల కథలు, జముకు అనే తీగ వాద్యం వాయిస్తూ పాడే జానపద కథలు. మా చుట్టుపక్కల ఊళ్లలో పాడేవాళ్ల దగ్గర కూర్చుని క్యాసెట్లలో రికార్డు చేసి, తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఇప్పుడే ఒకటి తెరిచాను. జముకు తీగ మోగుతూ మోగుతూ ఆగింది, ఎక్కడో కోడి కూసింది, నాన్న గొంతు: "మీ ఊరి పేరు కూడా చెప్పండి బాబూ." నల్లజుట్టు రోజుల గొంతు. పాడినాయన ఇప్పుడు లేరు.

సర్వర్ సుబ్బు, 12:24
రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి. ఒకటి తమ్ముడి ఇంట్లో.
తర్వాత నాన్న పేరుతో మామూలు జీమెయిల్ తెరవండి. ఉచితంగా 15 జీబీయే, మిగతాదానికి డబ్బు కట్టాలి. అందులో ఆ సెట్టింగ్ వస్తుంది. వాడకం ఆగాక ఎన్నాళ్లకి కబురు పెట్టాలో 3, 6, 12, 18 నెలల్లో ఎంచుకోవాలి. పదిమంది దాకా పేర్లు. పాస్‌వర్డు ఇవ్వరు, డేటా దించుకోవడానికి 3 నెలలు టైమిస్తారు. ఆపరేషన్ ముందు 3 పెట్టండి.

గోదారి గట్టు, 12:41
ఒక్క మాట. సిమ్ రీఛార్జ్ ఆపకండి. మా మావగారు పోయాక ఇంకెందుకులే అని ఊరుకున్నాం. 90 రోజులు వాడకపోతే నంబరు ఆపేస్తారు, ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. మా అత్తగారు ఆయన గొంతు వింటానని ఫోన్ చేస్తే ఎవరో కుర్రాడు ఎత్తాడు. ఓటీపీలన్నీ అతనికే. బ్యాంకు, గ్యాసు, అన్నింటి చుట్టూ ఆరు నెలలు తిరిగాం.

బ్యాంకు మాస్టారు, 12:50
ఇది చాలా ముఖ్యం. అందరూ చదవండి.

పాలకొండ పిల్ల, 1:05
టేకవుట్ మొదలైంది. రెడీ అయ్యాక మెయిల్ పంపుతామంది. నాన్న ఇంకా పడుకోలేదు, మంచం మీద నుంచే "వచ్చాయా?" అని అడుగుతున్నారు. థాంక్స్ అండి అందరికీ. జీమెయిల్ రేపు చేస్తాను.

సర్వర్ సుబ్బు, మర్నాడు సాయంత్రం 6:30
లింకు వచ్చిందా?

తోటకూర వనజ, గురువారం ఉదయం 7:15
అమ్మాయ్, నాన్నగారు ఎలా ఉన్నారు?