సికిల్‌సెల్ కార్డున్న పిల్లల్ని గ్రౌండ్‌కు రానియ్యొద్దంటున్నరు, ఏం చెయ్యాలె?

సిరొంచ_ఆటసార్:

అందరికి నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. జిల్లా పరిషత్ బడిల అంశకాలీన్ నిదేశక్‌గ (పార్ట్‌టైం సారుగ) చేస్తున్న, ఆరోగ్యం, ఆటలు నా సబ్జెక్టు. ఆరు నుంచి ఎనిమిది దాక వందకు పైన పిల్లలుంటే విద్యాహక్కు చట్టం కింద ఇచ్చే పోస్టే ఇది. మా పోరగాళ్లు ఇంట్ల తెలుగో మాడియానో మాట్లాడుతరు, బడిల మరాఠీ చదువుతరు.

మొన్న తపాసణీకి (ఆరోగ్య పరీక్షలకు) టీం వచ్చి రక్తం చూసిన్రు. ఏడో తరగతిల ముగ్గురికి సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి తీరు వంకరపోయే, పుట్టుకతోని వచ్చే జబ్బు) కార్డులొచ్చినయి. అండ్ల ఒక పిల్ల మా ఖోఖో జట్టుకు ప్రాణం. పోల్ కాడ ఆమె మలిగితే వెనుకొచ్చే పిల్ల రెండడుగులు దాటిపోయి గని ఆగదు. తాలూకా పోటీలల్ల పదునాలుగేండ్ల లోపు జట్టు ఆమెను నమ్ముకునే ఉన్నది. పెద్దసారేమో, ఏమన్నయితే జవాబుదారెవరు, కార్డున్నోళ్లను గ్రౌండ్‌కు తేకు అన్నడు. ఆయనది చెడ్డ మనసు కాదు, భయం. కని ఆ పిల్ల ఇప్పుడు నా పీరియడ్‌ల ఒక్కతే తరగతిల కూసుంటున్నది. నీకేం రోగమని తోటి పిల్లలు అడుగుతున్నరు. అది నాతోని చూడనైతలేదు.

ఆమె కార్డు మీద, ఇంకొక పిల్లగాని కార్డు మీద ‘ఏఎస్’ అని ఉన్నది. మూడో పిల్లగానికి ‘పాజిటివ్’ అని మాత్రమే రాసిన్రు. నాకు రెండు సంగతులు కావాలె. ఆపొద్దని చెప్పే కాయిదం ఏదన్న ఉన్నదా? ఆడిపిస్తే ఏమేం చూసుకోవాలె? మార్చిల సకాళ్ శాళ (పొద్దుటి బడి) మొదలయితది, ఎండలు మీకెరుకే.

రాయగడ_పీఈటీ:

మాస్టారూ, మా రాయగడ వైపూ ఈ జబ్బు ఉంది, మీ అవస్థ తెలుసు. ముందు కాగితం సంగతి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. రక్తానికి సంబంధించినవి మూడు: తలసీమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ వ్యాధి. అదే చట్టం 16వ సెక్షన్ తెరవండి. ప్రభుత్వ బడి గానీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి గానీ ఈ పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకుని, చదువుతోపాటు ఆటల్లోనూ మిగతావారితో సమానంగా అవకాశం ఇవ్వాలని ఉంటుంది. జబ్బున్న పిల్లకే ఆ హక్కుంటే, మీ ఖోఖో పిల్లను ఆపడానికి ఆధారం ఎక్కడిది? ఏఎస్ అంటే జబ్బు కాదు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక జన్యువు వచ్చిందంతే, ఆమె ఆరోగ్యవంతురాలు. ఇద్దరి నుంచీ వచ్చి ఎస్ఎస్ అయితే జబ్బు. ఈ తేడా మీ పెద్దసారుకు నెమ్మదిగా, పక్కన కూర్చుని చెప్పండి. నలుగురిలో వాదనకు దిగితే భయం మొండితనమవుతుంది.

ఆడించే పద్ధతి. ఏఎస్ పిల్లలు అన్నీ ఆడొచ్చు. సెలవుల తర్వాత వచ్చిన మొదటి రోజే వరసగా స్ప్రింట్లు పెట్టకండి, వారాల మీద పెంచుకుంటూ పోండి. దాహమయ్యేదాకా చూడకుండా ముందే నీళ్లు తాగించండి. జ్వరం, విరేచనాలు ఉన్న రోజు ఆట వద్దు. కాళ్లలో బలం పోయింది సార్ అని పిల్ల కూలబడితే లేచి పరుగెత్తమని మాత్రం అనకండి. పిక్క పట్టేస్తే కండ రాయిలా గట్టిపడుతుంది, పిల్ల అరుస్తుంది. సికిల్ వల్ల కూలబడితే మాత్రం కండ మామూలుగానే కనిపిస్తుంది, నిలబడే శక్తే ఉండదు. నీడకు చేర్చి, నీళ్లిచ్చి, తేరుకోకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఖోఖోలో మనకు కలిసొచ్చేది ఒకటుంది. డిఫెన్స్‌లో ముగ్గురు ముగ్గురుగానే దిగుతారు కదా. ఆమెను రెండో బ్యాచ్‌లో పెట్టండి, ముందూ వెనకా ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఛేజింగ్‌లో కూర్చునే వంతు ఎలాగూ ఉంటుంది.

ఎస్ఎస్ పిల్లలకు డాక్టరు మాట తప్పనిసరి. ఫిట్‌నెస్ పరీక్షల్లో 600 మీటర్లు ఉంటుంది, దాన్ని వాళ్లకు స్టాప్‌వాచ్ పట్టి పెట్టొద్దు. నడవనివ్వండి, అలసట అనగానే ఆపనివ్వండి. ఆటయ్యాక చెమట మీద మీ ప్రాణహితలో మునకలు వేయనివ్వకండి. ఒక్కసారిగా తగిలే చలి కూడా నొప్పిని లేపుతుంది.

డబ్బు మీరు అడగలేదు గానీ నీళ్లన్నాక అదీ వస్తుంది. సమగ్ర శిక్షలో ఉన్నత ప్రాథమిక బడికి ఏడాదికి 10,000 రూపాయల క్రీడా నిధి ఉంది, అది ఆట సామాను కోసం. నీళ్ల డ్రమ్ము, గ్లాసులు కాంపోజిట్ గ్రాంటులో (బడి ఖర్చులకు ఏటా వచ్చే నిధిలో) అడగండి, అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు పెట్టాలని నియమం. బడి యాజమాన్య సమితి తీర్మానం రాయించుకుంటే తర్వాత పేచీ ఉండదు.

అహేరి_సిస్టర్:

సర్, ఆ ‘పాజిటివ్’ అని రాసిన పిల్లవాడి గురించే ముందు ఆలోచించండి. సొల్యుబిలిటీ పరీక్షలో ద్రావణం మసకగా మారితే సికిల్ ఉందని తెలుస్తుంది. అది ఏఎసా, ఎస్ఎసా అన్నది దాంతో తేలదు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ చేయించాలి. ఆ రిపోర్టు వచ్చేదాకా అతన్ని ఎస్ఎస్ అనుకునే చూడండి, అంటే తేలిక ఆటలు, నీళ్లు, నీడ. గదిలో మాత్రం కూర్చోబెట్టకండి.

పిల్లవాడికి ఒంట్లో, ఎముకల్లో ఓర్వలేని నొప్పి వచ్చినా, 101 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నా, మూతి వంకరపోయినా, మాట తడబడినా ఇంటికి పంపొద్దు, నేరుగా దవాఖానకు. అది మీ ఒక్కరికే కాదు, వంట చేసే అక్కకు కూడా తెలిసి ఉండాలి. ఇంకోటి, వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర. రక్తం ఎక్కించుకునే పిల్లలకు డాక్టరును అడగకుండా ఇవ్వకండి.

కార్డుల పేర్లు దయచేసి ప్రార్థనలో చదవకండి. ఆడపిల్ల విషయంలో ఈ మాట ఊళ్లోకి పోతే పెళ్లి దాకా వెంటాడుతుంది. కుటుంబాలు కార్డు దాచేస్తే తర్వాత మందు అందేది ఎట్లా?

ఆసిఫాబాద్_నాన్న:

మా బాబుకు ఎస్ఎస్. ఈ జబ్బుకిచ్చే హైడ్రాక్సీయూరియా మందు వాడుతున్నం. వాళ్ల పీఈటీ సారు వాన్ని క్రికెట్ల అంపైర్‌గా పెట్టిండు, నడుమ నడుమ రెండు ఓవర్లు బౌలింగ్ కూడా ఇస్తడు. ఆటల పీరియడున్న రోజు వాడు బడి ఎగ్గొట్టడు. ఇంతకన్న నాకు చెప్పరాదు సార్.

సిరొంచ_ఆటసార్:

మీ అందరికి దండాలు. చట్టంల 16వ సెక్షన్ మరాఠీల దొరికింది, ప్రింటు తీసిన. పొద్దున పెద్దసారుతోని ఒంటరిగ మాట్లాడిన. ఏఎస్ వేరు, ఎస్ఎస్ వేరు అంటే ఆయన కార్డులు మళ్లొక్కసారి తెప్పిచ్చుకొని చూసిండు. డాక్టరు రాసిస్తే ఖోఖో పిల్లను ఆడనిస్తనన్నడు. రాసియ్యాలన్న నియమం లేదు గని నేను పట్టు పట్టలే, రాపిచ్చుకస్త.

‘పాజిటివ్’ పిల్లగాని అవ్వను ఆశా తాయితో కలిసి గ్రామీణ రుగ్ణాలయకు (సర్కారు దవాఖానకు) తోలుకపోతున్న. సిస్టర్, అక్కడ ఎలక్ట్రోఫోరెసిస్ కాకుంటే నమూనా ఎక్కడికి పంపిస్తరు, తల్లి పిల్లగాడు మళ్లీ ఎక్కడికన్న పోవాల్సి వస్తదా? ఆమె కూలి పోగొట్టుకొని వస్తున్నది, ముందే చెప్పాలె.