గర్భిణులందరికీ బీవీ (బ్యాక్టీరియల్ వ్యాజినోసిస్, యోనిలో మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరగడం) పరీక్ష చేయాల్నా, బాధ చెప్పినోళ్లకే చాలా?

ఏఎన్‌సీ_నల్లగొండ: మొదటి విజిట్‌లోనే అందరికీ స్మియర్ (యోని స్రావాన్ని గాజు పలక మీద పూసి చూసే పరీక్ష) తీయాలంటాను. బ్యాక్టీరియల్ వ్యాజినోసిస్ ఉన్నోళ్లలో నెలలు నిండని కాన్పులు ఎక్కువ. చాలామందికి తెల్లబట్ట, వాసన ఏమీ ఉండవు, ఉన్నా సిగ్గుతో చెప్పరు. దీనికిచ్చే యాంటీబయాటిక్ మెట్రోనిడజోల్ చవక మందు. ఎందుకు ఆగాలె?

స్లైడ్_పాలమూరు: సంబంధం నిజమే మేడమ్. మందిస్తే ముందస్తు కాన్పు ఆగుతదా అన్నదే పంచాయితీ. ఫ్రాన్స్‌ల చేసిన ప్రెమెవా ట్రయల్ 2018ల లాన్సెట్‌ల వచ్చింది. 84,530 మందిని పరీక్షించి, బీవీ ఉండి ముప్పు తక్కువున్నోళ్లకు క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ 300 మి.గ్రా. పూటకొకటి, రోజుకు రెండు, 4 రోజులిచ్చిన్రు. ఆలస్యంగా గర్భం పోవుడు, 32 వారాల లోపు కాన్పు కలిపితే మందు తీసుకున్నోళ్లలో 1.2 శాతం, ఉత్త గోళీ తీసుకున్నోళ్లలో 1.0 శాతం.

ఏఎన్‌సీ_నల్లగొండ: క్రిమి పోతే ముప్పు ఎందుకు పోదు? కారణం చెప్పకుండా వద్దంటే ఒప్పుకోను.

స్లైడ్_పాలమూరు: కారణం తల్లి ఒంట్లోనే ఉందని నా అభిప్రాయం. వెట్ మౌంట్‌ను, అంటే స్రావంల సెలైన్ (ఉప్పునీరు) చుక్క కలిపిన స్లైడ్‌ను, మైక్రోస్కోప్ కింద 400 రెట్లల చూడండి. ఎపిథీలియల్ కణానికి (యోని లోపలి పొర కణానికి) రవ్వ అద్దినట్టు బ్యాక్టీరియా అంటుకొని అంచు మాయమైతది, అదే క్లూ సెల్. అంత బ్యాక్టీరియా ఉన్నా పక్కన చీము కణాలు పెద్దగా కనపడవు. అందుకే దీన్ని వ్యాజినైటిస్ (యోని వాపు) అనలేదు. వాపు సంకేతమిచ్చే ప్రొటీన్ ఇంటర్‌ల్యూకిన్-1 బీటా పెరుగుతది గానీ, న్యూట్రోఫిల్స్‌ను (చీములుండే తెల్ల రక్తకణాలను) పిలిచే ఇంటర్‌ల్యూకిన్-8 ఆ మేరకు పెరగదు. బీవీల పెరిగే గార్డ్‌నెరెల్లా బ్యాక్టీరియా వదిలే వ్యాజినోలైసిన్ అనే విషం మీదికి ఒళ్లు ఐజీఏ అనే యాంటీబాడీ తయారు చేస్తది. బ్యాక్టీరియా సియాలిడేజ్ అనే ఎంజైమ్‌తోని ఆ ఐజీఏ మీది చక్కెరలనే కోసేస్తది, మ్యూకస్‌ను కూడా పలుచన చేస్తది. ఈ పోరు అందరిలో ఒక్క తీరుగ ఉండదు. వాపును నడిపే టీఎన్ఎఫ్-ఆల్ఫా జన్యువుల ఒక రకం మార్పు ఉన్నోళ్లకు బీవీ తోడైతే ముందస్తు కాన్పులు ఎక్కువని 2004ల అమెరికా అధ్యయనం చూపింది. స్మియర్‌ల బ్యాక్టీరియా రకాలను చూసి 0 నుంచి 10 దాకా ఇచ్చే న్యూజెంట్ స్కోరు 7 గానీ ఆపైన గానీ ఉంటే బీవీ అంటం. ఆ స్కోరు బ్యాక్టీరియాను లెక్కపెడ్తది, తల్లి స్పందనను కాదు.

స్టాఫ్‌నర్స్_మిర్యాలగూడ: అన్న చెప్పింది సరే, తీసుడే తప్పైతే ఏ వాదనా నిలవదు. శాంపిల్ పక్క గోడ నుంచి తీయాలె. గర్భాశయ ముఖం జిగురు తగిలితే పీహెచ్ (ఆమ్ల, క్షార కొలత) ఊరికే పెరుగుతది. రక్తం, వీర్యం తగిలినా అంతే. యోనిని తెరిచి చూసే పరికరం స్పెక్యులమ్‌కు జెల్లీ వద్దు, నీళ్లు చాలు. మామూలు లిట్మస్ పనికిరాదు, 4కు 5కు నడుమ తేడా తెలిసే కాగితం కావాలె. బీవీ అనాలంటే ఈ నాలుగిట్ల మూడు ఉండాలె: పలుచటి బూడిదరంగు తెల్లబట్ట, పీహెచ్ 4.5 పైన, 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) చుక్కేస్తే చేపల వాసన, నూటికి 20 కణాల కంటే ఎక్కువ క్లూ సెల్స్. సెలైన్ ఆరకముందే చూడాలె. చీము కణాలు నిండుగ కనపడితే బీవీ ఒక్కటే అనుకోవద్దు, ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవిని వెతకాలె.

ఏఎన్‌సీ_నల్లగొండ: అందరికీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. బాధ చెప్పినోళ్లకు మాత్రం మెట్రోనిడజోల్ 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు 7 రోజులు ఇవ్వాల్సిందే. ఇదివరకు నెలలు నిండకుండా కాన్పైనోళ్ల సంగతేంది? 2020ల అమెరికాల ముందస్తు పరీక్షల మీద సలహాలిచ్చే నిపుణుల బృందం యూఎస్‌పీఎస్‌టీఎఫ్ ముప్పు తక్కువున్నోళ్లకు వద్దంది. ముప్పున్నోళ్లకు మాత్రం ఆధారం చాలదన్నదే గానీ వద్దనలేదు. వాళ్లకు స్మియర్ తీయాలన్న మాట మీదే ఉంటా.

స్టాఫ్‌నర్స్_మిర్యాలగూడ: తీయండి మేడమ్. కాకపోతే నెలలు ఎక్కినంక పీహెచ్ 7 వస్తే బీవీ అని గోళీలు రాసే ముందు ఉమ్మనీరు కారుతుందేమో చూడండి.