అప్‌డేట్: నా మొదటి నవల అచ్చయింది

డబ్బు కట్టించుకుని పుస్తకం వేసే పబ్లిషర్‌కి ఇవ్వాలా, సొంతంగా వేసుకోవాలా అని అడిగాను కదా. సొంతంగానే వేసుకున్నాను, 300 కాపీలు. ఆ పబ్లిషర్ ఐఎస్‌బీఎన్‌కి (ప్రతి పుస్తకానికీ ఇచ్చే గుర్తింపు నంబరు) విడిగా డబ్బు అడిగాడు. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే చాలు.

అసలు కష్టం ప్రూఫుల దగ్గర, అంటే అచ్చుకి ముందు తప్పులు దిద్దే పేజీల దగ్గర వచ్చింది. నేను యూనికోడ్‌లో టైప్ చేశాను. అచ్చుకి పేజీలు కూర్చే డీటీపీ వాళ్లు దాన్ని అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత తరహా తెలుగు ఫాంట్లు) మార్చగానే కొన్నిచోట్ల వత్తులు ఎగిరిపోయాయి. ‘అమ్మమ్మ’ కాస్తా ‘అమమ్మ’ అయింది. మూడుసార్లు దిద్దాను, చివరిసారి అమ్మ చేత పైకి చదివించాను. దయచేసి ప్రూఫులకి కనీసం నెల పెట్టుకోండి.

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో తెలిసినవాళ్లు తమ స్టాల్లో కాస్త చోటిచ్చారు. 64 కాపీలు పోయాయి. ఒక పెద్దావిడ నిలబడే రెండు పేజీలు చదివి, “ఇది మా ఊరి మాటేనమ్మా” అంటూ రెండు తీసుకున్నారు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

షాపుల వాళ్లు డబ్బు అమ్ముడయ్యాకే ఇస్తారు, ఇంకా రావాలి. రెండో నవల మొదలుపెట్టాను. అప్పుడు ధైర్యం చెప్పిన అందరికీ థాంక్స్.