తాతగారి 1968 ఫియట్ డిలైట్: కాగితాలు, తుప్పు, విడిభాగాలు

తెనాలి_డిలైట్:
అందరికీ నమస్కారం. మా తాతగారు 1968లో కొన్న ఫియట్ 1100 డిలైట్ మా ఊళ్ళో గొడ్ల సావిడిలో పదిహేడేళ్ళుగా కదలకుండా పడి ఉంది. ఆయన కాలం చేసి పన్నెండేళ్ళయినా ఆర్‌సీ పుస్తకం ఇప్పటికీ ఆయన పేరు మీదనే ఉంది. అందులో ఉన్నది 1989కి ముందు నాటి మూడక్షరాల నంబరు. నాన్నగారికి బండిని పాత ఇనుముకు ఇచ్చేందుకు మనసు రావడం లేదు, బాగుచేయించే ఓపికా లేదు. అందువల్ల ఆ బాధ్యత నా మీదకు వచ్చింది. ఇంజను చేత్తో తిప్పితే కదలడం లేదు. చూసిన మెకానిక్కు ఒకరు ఇంజను పనికిరాదనీ, వేరే కారు ఇంజను బిగిస్తే సరిపోతుందనీ అన్నారు. పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఈ బండికి సామాను ఇంకా దొరుకుతుందో లేదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రాణీగంజ్_పాతకాపు:
ఇంజను జోలికి వెళ్ళే ముందు కాగితాల సంగతి తేల్చుకోండి. నేను నా మొదటి పాత కారుకు పద్నాలుగు నెలలు మరమ్మతు చేయించి, రంగు కూడా వేయించిన తరువాత ఆర్టీవో కార్యాలయానికి వెళ్ళాను. పుస్తకంలో ఉన్న ఛాసిస్ నంబరుకూ బండి మీద ఉన్న దానికీ ఒక అంకె తేడా ఉందని అక్కడ తెలిసింది. ఆ అంకె సరిచేయించడానికి పట్టిన కాలం మరమ్మతుకు పట్టిన కాలం కంటే ఎక్కువ. కాబట్టి ఈరోజే తుప్పు మీద కాస్త కిరసనాయిలు రాసి, గుడ్డతో తుడిచి, నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. దాన్ని పుస్తకంతో పోల్చి చూడండి.

యజమాని మరణించిన సందర్భంలో మామూలు అమ్మకానికి వాడే 29, 30 ఫారాలు పనికిరావు; వారసుడి పేరుకు మార్చుకునేందుకు 31వ నంబరు ఫారం ఉంటుంది. దానితో పాటు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగిలిన వారసుల అంగీకార పత్రం సిద్ధం చేసుకోండి. మేనత్తలు ఉంటే వారి సంతకాలు ముందే తీసుకోవడం మంచిది. బండి మెరిసిన తరువాత అడిగితే అందరికీ తాతగారు గుర్తుకు వస్తారు. చేతిరాత పుస్తకాల కాలం నాటి బండ్ల వివరాలు చాలావాటికి వాహన్ కంప్యూటరులో (ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను వ్యవస్థలో) ఉండవు. పాత రిజిస్టరు వెతికించి ఆ వివరాలను ఎక్కించే పనిని బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. అది పూర్తికానిదే మిగిలినవేవీ ముందుకు సాగవు.

తరువాతిది రిజిస్ట్రేషను పునరుద్ధరణ. 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు ఆ రుసుము 10,000 రూపాయలైంది. పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్సు వేరే. గడువు మించిన ఏళ్ళకు ఏమి కట్టాలో కార్యాలయంలో లెక్క వేయించుకోండి.

తెనాలి_డిలైట్:
చాలా ఉపయోగకరమైన సమాచారం, ధన్యవాదాలు. బండికి యాభై ఏళ్ళు దాటాయి కదా, వింటేజ్ రిజిస్ట్రేషను చేయించుకుంటే ఈ శ్రమ తప్పుతుందని ఒక మిత్రుడు అన్నారు. నిజమేనా?

రాణీగంజ్_పాతకాపు:
అది ఆలోచించి తీసుకోవలసిన నిర్ణయం. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న ద్విచక్ర వాహనాలూ కార్లూ వింటేజ్ కిందికి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, ఆ పైన పునరుద్ధరణకు 5,000. కొత్తగా ఇచ్చే నంబరులో రాష్ట్రం అక్షరాల తరువాత ‘వీఏ’ అని ఉంటుంది. ఇదివరకే నంబరు ఉన్న బండి దానినే ఉంచుకోవచ్చు. అయితే ఆ బండిని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలు పోయించుకోవడానికీ, మరమ్మతులకూ తప్ప రోజువారీగా నడపకూడదు. మీ నాన్నగారిని ఎక్కించుకొని ఆదివారం నాడు పొన్నూరు ఆంజనేయస్వామి గుడికి వెళ్ళాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషనే మేలు. మీ మెకానిక్కు చెప్పినట్లు వేరే ఇంజను బిగిస్తే వింటేజ్ అర్హత పోవడమే కాదు, పుస్తకంలో ఇంజను నంబరు మార్పు అనే మరో తలనొప్పి కూడా మొదలవుతుంది.

ఆటోనగర్_వాసి:
నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. పాతకాపు గారు కాగితాల గురించి చెప్పినది అక్షరాలా నిజం. నేను ఇనుము గురించి చెబుతాను.

ఫియట్‌కు అంబాసిడర్ అంత మందపాటి రేకు ఉండదు, రెండింటికీ విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. అందువల్ల నేల రేకును తుప్పు తిన్నదంటే అందం పోయిందని కాదు, బలం పోయిందని అర్థం. కార్పెట్లు పూర్తిగా లాగేసి, కాళ్ళు పెట్టే చోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడండి. జాకీ పెట్టే చోట్లు, తలుపుల అడుగు అంచులు, డిక్కీలో స్టెప్నీ కింద నీరు నిలిచే భాగం, ముందు మడ్‌గార్డుల్లో హెడ్‌లైటు వెనుక మట్టి పేరుకొనే మూల, ముందు అద్దం కింది అంచు: ఈ చోట్ల దాగిన తుప్పు బయటికి కనబడే సరికి లోపల రేకు కాగితంలా అయి ఉంటుంది. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బాడీ అంతా జరిపి చూడండి, అంటుకోని చోటల్లా పుట్టీ మందంగా ఉందన్నమాట. నేను ఒకసారి ఒక తలుపు మీద నుంచి వేలు మందం పుట్టీ చెక్కి తీశాను.

రేకు పనిలో తొందర పనికిరాదు. తుప్పు తిన్న భాగాన్ని పూర్తిగా కోసేసి, అదే మందం రేకు మలిచి వెల్డింగు చేయించాలి. పాత రేకు మీద కొత్త రేకు అతికిస్తే రెండింటి మధ్య తేమ చేరి, రెండు వానాకాలాలు గడిచేసరికి కొత్తది కూడా పోతుంది. పాతదంతా కోసే ముందు తలుపులు బిగించి ఉంచండి, లేదా లోపల అడ్డ కడ్డీలు వెల్డింగు చేయించండి. బాడీ రవ్వంత కుంగినా తరువాత తలుపులు పడవు. ఇది తెలియని చోట ఇచ్చి నష్టపోయిన బండ్లు నా దగ్గరకు ఏటా రెండు మూడు వస్తాయి.

ఇంజను బిగుసుకుపోయినంత మాత్రాన పోయినట్లు కాదు. పదిహేడేళ్ళు కదలకపోతే పిస్టన్ రింగులు గోడలకు పట్టేయడం సహజం. ప్లగ్గులు తీసి, నాలుగు సిలిండర్లలోనూ డీజిలు, ఇంజనాయిలు సగం సగం కలిపి పోసి, పది రోజులు వదిలేయండి. మధ్యలో ఇంకితే మళ్ళీ పోయండి. తరువాత క్రాంకు పుల్లీ బోల్టుకు పానా పట్టించి ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడించండి. బండిని గేరులో వేసి తోయించడం గానీ, ట్రాక్టరుతో లాగించడం గానీ చేయవద్దు. పట్టేసిన రింగు విరిగితే బోరు, అంటే సిలిండరు లోపలి గోడ, గీరుకుపోతుంది.

తెనాలి_డిలైట్:
మీరు చెప్పినట్లే చేశాను. నేల రేకు డ్రైవరు వైపు పూర్తిగా పోయింది, ఎడమ వైపు గట్టిగానే ఉంది. డిక్కీలో ఎలుకలు గూడు కట్టి వైరింగు మొత్తం కొరికేశాయి. ఛాసిస్ నంబరు మాత్రం పుస్తకంతో సరిపోయింది. ఈ నెలలో నాకు కలిగిన ఏకైక సంతోషం అదే.

మార్క్_టూ_రాజమండ్రి:
నాది అంబాసిడర్ కాబట్టి ఒక హెచ్చరిక, ఒక భేదాభిప్రాయం. మీ ఫియట్ ఇటలీ బండి, దాని నట్లూ బోల్టులూ మిల్లీమీటర్ల లెక్క. అంబాసిడర్ పుట్టుక మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి కాబట్టి దానికి అంగుళాల పానాలు కావాలి. ఈ తేడా పట్టించుకోని కుర్రవాళ్ళు దగ్గరలో ఉన్న పానాతో తిప్పి నట్టు తలలు గుండ్రంగా చేసేస్తారు. ఎవరికి బండి ఇచ్చినా ముందు వారి పానాల పెట్టె చూడండి.

ఇక భేదాభిప్రాయం. ఇంతకుముందు ఇక్కడ వేరొక చర్చలో పాత ఫియట్‌కు కూడా సీసం లేని పెట్రోలు వల్ల వాల్వు సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచులు) అరిగిపోతాయని రాశారు. దేశమంతటా సీసం కలిసిన పెట్రోలు 2000 ఫిబ్రవరికల్లా ఆగిపోయింది. దానివల్ల భయపడవలసింది మా 1489 సీసీ ఇంజనుకు, ఎందుకంటే పోతయినుప హెడ్డులోనే నేరుగా సీటు కోసి ఉంటుంది. ఫియట్ 1089 సీసీ ఇంజను హెడ్డు అల్యూమినియం, మెత్తటి లోహం కాబట్టి గట్టి సీట్లు మొదటి నుంచీ విడిగా బిగించే ఉంటాయి. మీరు భయపడవలసింది ఇథనాలుకు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇరవై శాతం దాకా అదే ఉంటోంది. అది పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి పగలగొడుతుంది, పెట్రోలు పంపు డయాఫ్రమ్‌ను పాడుచేస్తుంది, గాలిలో తేమను పీల్చి టాంకు అడుగున నీరు చేర్చి తుప్పు పట్టిస్తుంది. ఇంధనం గొట్టాలు, డయాఫ్రమ్, కార్బొరేటరు సీళ్ళు ఇథనాలును తట్టుకునే రకం వేయించండి. బండి నెల రోజులకు మించి కదలదనుకుంటే టాంకు ఖాళీ చేయండి.

ఎండాకాలంలో పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగిపోతే దాని మీద తడిగుడ్డ వేసే విద్య మీ నాన్నగారికి తప్పకుండా తెలిసే ఉంటుంది.

రాణీగంజ్_పాతకాపు:
సామాను గురించి అడిగారు. డిలైట్, ఆ తరువాతి ప్రెసిడెంటు, పద్మిని: ఈ మూడింటి బాడీ ఒకటే, 1089 సీసీ ఇంజను ఒకటే. అందువల్ల పిస్టన్లు, బేరింగులు, కింగ్ పిన్ కిట్లు (ముందు చక్రాలు తిరిగే ఇరుసు సామాను), బ్రేకు లైనింగులు, వీల్ సిలిండరు రబ్బర్లు, ముందు అద్దం చాలావరకు పద్మినివి సరిపోతాయి. మాకు సికింద్రాబాదు రాణీగంజ్‌లో పాత దుకాణాలు కొన్నింటిలో ఇంకా పెట్టె తెరవని సామాను దొరుకుతుంది. చెన్నై పుదుపేటలో విప్పిన బండ్ల భాగాలు దొరుకుతాయి, కానీ నమూనా చేతిలో పట్టుకొని వెళ్ళాలి. పేరు చెబితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఢిల్లీ కశ్మీరీ గేటు బజారులో బీడింగు రబ్బర్లు, వైరింగు కట్టలు దొరుకుతాయి.

అసలు గని బొంబాయి. ఒకప్పుడు అక్కడి నలుపు పసుపు టాక్సీలు దాదాపు అన్నీ పద్మినీలే కాబట్టి కుర్లా చుట్టుపక్కల దశాబ్దాల పాటు సామానుకు కొదవ లేదు. 2023 అక్టోబరు చివరికి ఆఖరి పద్మిని టాక్సీకి ఇరవై ఏళ్ళ గడువు ముగిసి రోడ్డు దిగింది. టాక్సీ లేకపోతే కొత్తగా సామాను తయారు చేయించేవాడు ఉండడు. ఉన్న నిల్వలు తరగడం మొదలై ధరలు ఇప్పటికే పెరుగుతున్నాయి. కింగ్ పిన్ కిట్, బ్రేకు మాస్టర్ సిలిండరు కిట్ ఇప్పుడే రెండేసి కొనిపెట్టుకోండి.

డబ్బుతో కూడా తొందరగా దొరకనివి ఇంజను భాగాలు కావు, డిలైట్‌కు మాత్రమే ఉండే అలంకారాలు. గ్రిల్లు, పేరు అక్షరాలు, హెడ్‌లైటు రింగులు, అసలు హబ్ కాపులు. మీ బండి మీద ఇవి సొట్టపడి ఉన్నా సరే, పారేయకండి, మెకానిక్కు దగ్గర వదిలిపెట్టకండి. ఒక ట్రంకు పెట్టెలో వేసి ఇంట్లో తాళం పెట్టండి. నా బండి గ్రిల్లు ‘పాలిషుకు’ వెళ్ళి తిరిగి రాలేదు.

హెరాల్డ్_కోవెంట్రీ:
నేను కోవెంట్రీలో ఉంటాను, మా నాన్నగారి స్టాండర్డ్ హెరాల్డ్ నెల్లూరులో ఉంది. విదేశాల నుంచి తెప్పించుకోవచ్చునా అని ఎవరైనా అడిగేలోగా మా అనుభవం చెబుతాను. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డుకు అభిమానులు చాలామంది ఉండటం వల్ల 948, 1147 సీసీ ఇంజన్ల భాగాలు, వెనుక అడ్డంగా ఉండే లీఫ్ స్ప్రింగు, ఛాసిస్ పక్కలకు పొడుచుకు వచ్చే కమ్మీలు కూడా కొత్తవి దొరుకుతాయి. కానీ మద్రాసులో తయారైన నాలుగు తలుపుల హెరాల్డు ఇక్కడ పుట్టనే లేదు. ఇక్కడివి రెండు తలుపులవి. వెనుక తలుపు మాత్రం మళ్ళీ నెల్లూరులో రేకు పనివారి చేతిలోనే తయారైంది. ఫియట్ 1100 విషయంలోనూ ఇలాగే జరుగుతుందని నా అంచనా: ఇటలీలో గాస్కెట్లు, సస్పెన్షను భాగాలు దొరకవచ్చు, కానీ మన బండ్లకు బిగించిన సోలెక్స్ కార్బొరేటరూ, లూకాస్ కరెంటు సామానూ మన దేశంలోనే వెతుక్కోవాలి.

కొత్తగా_కొనేవాడు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఢిల్లీలో పాత పద్మిని తక్కువ ధరకు వస్తోంది, కొనవచ్చునా?

ఆటోనగర్_వాసి:
అక్కడ పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు ఉండటం వల్లనే ఆ తక్కువ ధర. 28వ ఫారం మీద అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) మీ జిల్లా పేరుతో చేతికి వచ్చిన తరువాతే డబ్బు ఇవ్వండి. ఫొటోలు చూసి కొనవద్దు. ఇంజను చప్పుడు విని మురిసిపోవద్దు, రైలెక్కి వెళ్ళి నేల రేకు పొడిచి చూడండి.

తెనాలి_డిలైట్:
నాలుగు నెలల తరువాత మళ్ళీ రాస్తున్నాను. డీజిలు పోసిన పన్నెండో రోజున ఇంజను కదిలింది. విప్పించి చూస్తే మూడో సిలిండరులో సన్నటి గీత ఉంది, లేత్‌లో బోరు చేయించి పెద్ద సైజు పిస్టన్లు వేయించాం. నేల రేకు ఆటోనగర్‌లోనే మార్పించాను, తలుపులు బిగించి ఉంచి. వైరింగు కట్ట ఢిల్లీ నుంచి వచ్చింది. ఇంజను, రేకు, బ్రేకుల మీద కలిపి ఇప్పటికి రెండు లక్షల అరవై వేలు దాటింది, రంగు ఇంకా వేయించలేదు. మేనత్తలు ఇద్దరూ సంతకాలు పెట్టారు. పెద్దత్తయ్య మాత్రం మొదటి ప్రయాణంలో ముందు సీటు తనదేనని షరతు పెట్టారు. బ్యాక్‌లాగ్ ఎంట్రీ కోసం పాత రిజిస్టరు వెతుకుతున్నారు, వచ్చే మంగళవారం మళ్ళీ రమ్మన్నారు. కుడివైపు హెడ్‌లైటు రింగు మాత్రం ఎక్కడా దొరకలేదు. ఎవరి దగ్గరైనా డిలైట్‌ది ఒకటి ఉంటే, సొట్టపడినదైనా సరే, ఇక్కడ తెలియజేయండి.