పండక్కి ఇంటికొచ్చిన పాప అడిగినవాటికి ఏం చెప్పమంటారు?

గాజువాక అమ్మ:

అందరికీ వందనాలండి. నేను ఇంటి దగ్గరే మిషను కుడతాను, మా ఆయన షిప్‌యార్డులో కాంట్రాక్టు పనికెళ్తారు. పాప ఇంజినీరింగు రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటోంది. క్రిస్మస్‌కి వచ్చింది. నక్షత్రం కట్టడానికి వాళ్ల నాన్నకి నిచ్చెన పట్టుకుంటూనే మొదలెట్టింది. "అమ్మా, బైబిల్లో ఏ పుస్తకాలుండాలో ఒక రాజు ఓట్లేయించి తేల్చాడంట కదా? చేత్తో రాసుకున్నప్పుడు మాటలు మార్చేశారంట కదా?" నాకేటీ తోచలేదు. అరిసెల పాకం పొయ్యి మీదుంది, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. పాకం ముదిరిపోయింది గానీ పాప వదల్లేదు.

దాని రూమ్మేట్ సింహాచలం అప్పన్నకి మొక్కే ఇంటి పిల్ల. పాపకి జొరమొస్తే రెండు రాత్రులు నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూచుందంట. "ఆ పిల్ల నరకానికెళ్తుందని నమ్మి నేనెలా నిద్దరపోవాలి?" అంటోంది. ఆ పిల్ల తెచ్చిన ప్రసాదం తిన్నదంట కూడా, అది తప్పా అని ఇంకో ప్రశ్న.

హుద్‌హుద్ తుఫానులో మా రేకులన్నీ ఎగిరిపోయాయి. ఆ తర్వాత ఒక కూటంలో ప్రసంగీకుడు ఇది ఈ ఊరి పాపానికి శిక్ష అన్నాడు. పాపకప్పుడు ఎనిమిదేళ్లు. ఇన్నేళ్లూ మనసులో పెట్టుకుని ఇప్పుడడిగింది, "నేనేం చేశానమ్మా?" అని.

మీది తెల్లోళ్ల మతం, మీ తాతలు బియ్యానికి మారారు అని క్లాసులో ఎవరో అన్నారంట.

ఇంకోటి మా ఇంట్లోదే. మా మరిదికి షుగరు. స్వస్థత ప్రార్థన చేసేవాడొకడు విశ్వాసముంటే మాత్రలు పారెయ్యమన్నాడు, పారేశాడు. కాలి వేలు తీసేయాల్సొచ్చింది. "బాబాయి వేలికి ఎవరు జవాబు చెప్తారు?" అంటోంది.

మా అయ్యగారినడిగితే సందేహం సైతాను విత్తనం అన్నారు. నేను పదో తరగతితో ఆగిపోయాను. ఎవరైనా దారి చూపించండి.

మధురవాడ నుంచి:

సిస్టర్, ముందు ఫోను తీసేసుకోండి. ఇవన్నీ యూట్యూబు ప్రశ్నలు. మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టించండి.

పాతనగరం మాస్టారు:

తమ్ముడూ, కోప్పడకు. ఫోను తీసేసుకుంటే ఆ పిల్ల ప్రశ్న అడగడం మానేస్తుంది, అంతే. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, అడగడం మానేసిన పిల్లల్ని చాలామందిని చూశాను.

గాజువాక అమ్మగారూ, ముందు ఆ రాజు సంగతి. పాప విన్నది సగం నిజం. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి 325లో నైసియాలో సభ పిలిచిన మాట వాస్తవమే. అక్కడ గొడవ పుస్తకాల గురించి కాదు, ఏరియస్ అనే ఆయన బోధ గురించి. కుమారుడైన యేసు తండ్రియైన దేవుడితో సమానుడా, లేక తండ్రి సృష్టించినవాడా అన్నది తగువు. పుస్తకాల జాబితా ఒక్క రోజులో ఎవరూ ఓటేసి తేల్చలేదు. నాలుగు సువార్తలు, పౌలు పత్రికలు చాలా ముందు నుంచీ సంఘాల్లో చదువుతున్నారు. హెబ్రీ పత్రిక, ప్రకటన, రెండో పేతురు లాంటివాటి మీద మాత్రం చాలాకాలం భేదాభిప్రాయాలున్నాయి. మనం ఇప్పుడు కొత్త నిబంధనలో చదివే 27 పుస్తకాలూ సరిగ్గా అవే లెక్కతో మొదట కనబడేది 367లో అథనాసియస్ రాసిన ఉత్తరంలో. ఇది కూడా పాపకి చెప్పండి: కతోలికుల బైబిల్లో 73 పుస్తకాలు, ప్రొటెస్టెంట్లకి 66. జ్ఞానాపురం కతోలిక చర్చికి వెళ్తే ఒకటి, మన లండన్ మిషన్ ప్రొటెస్టెంటు చర్చి వైపొస్తే ఒకటి. ఇదేం దాచాల్సిన విషయం కాదు.

మాటలు మార్చారా అంటే, పొరపాట్లు పడ్డాయి. బోలెడు. నేను క్లాసులో నలభై మందికి వేమన పద్యం చెప్పి రాయించేవాణ్ణి. ఒకడు ళ బదులు ల రాస్తాడు, ఒకడు పాదం మింగేస్తాడు, వెనక బెంచీవాడు సొంత కవిత్వం కలుపుతాడు. నలభై నోటుబుక్కులూ పక్కపక్కన పెడితే నేనేం చెప్పానో ఇట్టే తేలుతుంది, ఎవడు ఎవడి దాంట్లో చూసి రాశాడో కూడా తేలుతుంది. బ్రౌను దొర వేమన పద్యాలకి చేసిందీ ఇదే, ప్రతులు పోగేసి పోల్చి 1829లో అచ్చేశాడు. కొత్త నిబంధనకి గ్రీకులోనే 5,000 పైచిలుకు రాతప్రతులున్నాయి. అన్నిటికన్నా పాతదని ఎక్కువమంది చెప్పేది యోహాను సువార్త ముక్క ఒకటి, మాంచెస్టరు లైబ్రరీలో ఉంది. అరచేతిలో పట్టేంత పాపిరస్ ముక్క, రెండు వైపులా కలిపి పద్నాలుగు పంక్తులు. రెండో శతాబ్దం నాటిదంటారు.

పెద్ద తేడాలు రెండు చోట్ల ఉన్నాయి. మార్కు 16లో 9వ వచనం నుంచి చివరిదాకా, యోహాను 8లో వ్యభిచారమందు పట్టుబడిన స్త్రీ కథ. ఈ రెండూ నాలుగో శతాబ్దపు పెద్ద ప్రతుల్లో లేవు. ఇంగ్లిషు బైబిళ్లు చాలావాటిలో బ్రాకెట్లు పెట్టి కింద గమనిక రాస్తారు. "మీలో పాపము లేనివాడు మొట్టమొదట ఆమెమీద రాయి వేయవచ్చును" అన్న మాట నాకు ప్రాణం. అది ఉన్న కథే పాత ప్రతుల్లో లేదని తెలిసిన రోజు అన్నం సయించలేదు. అయినా పాపకి ఇది మీరే ముందు చెప్పండి. బయటివాళ్లు చెప్తే అమ్మ దాచిందనుకుంటుంది.

ఎంవీపీ కాలనీ నుంచి:

మాస్టారూ, నేను ఏ దేవుణ్ణీ నమ్మను గానీ మీరు చెప్పే పద్ధతి నచ్చింది. ఒక్క మాట. ఐదు వేల ప్రతులున్నాయంటే రాసింది చెక్కుచెదరకుండా వచ్చిందని తేలుతుంది. రాసింది నిజమని తేలదు కదా?

పాతనగరం మాస్టారు:

తేలదు. ఒప్పుకుంటున్నాను. మా బోధకులు చాలామంది ఇక్కడే ఒక మెట్టు ఎగరేసి దూకుతారు.

చరిత్ర ఎంతవరకు పలుకుతుందో అంతవరకే చెప్తాను. పొంతి పిలాతు అనే రోమను అధిపతి కింద క్రీస్తుకి మరణశిక్ష పడిందని టాసిటస్ అనే రోమను చరిత్రకారుడు రాశాడు, ఆయనకి క్రైస్తవులంటే చులకన. యూదుడైన జోసీఫస్ యేసు ప్రస్తావన రెండు చోట్ల తెచ్చాడు. అందులో ఒకచోట తర్వాతి క్రైస్తవులు మాటలు కలిపారని పండితులే అంటారు, కాబట్టి దాన్ని మొత్తంగా ఎత్తి చూపించకూడదు. సిలువ వేసిన ఇరవై, పాతికేళ్లకే పౌలు కొరింథీయులకి రాస్తూ, చనిపోయి తిరిగి లేచిన యేసుని చూసినవాళ్లు ఇంకా చాలామంది బతికే ఉన్నారన్నాడు. సిలువ మరణం దాకా చరిత్రకారుల్లో అత్యధికులు ఒప్పుకుంటారు. సమాధి దాటాక అది నమ్మకం. నేను నమ్ముతాను, మీరు నమ్మరు. నా దగ్గర మిమ్మల్ని కట్టిపడేసే తాళ్లేం లేవు.

హుద్‌హుద్ మాటకొస్తాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు నేను మా వీధి గదిలో తలుపుకి బీరువా అడ్డంపెట్టి, దాని వెనక వీపు ఆనించి కూచున్నాను. గుడికి, మసీదుకి, చర్చికి గాలి తేడా చూపించలేదు. హార్బరు దగ్గర మూడు కొండల మీద మూడూ ఉన్నాయి కదా, వెంకటేశ్వరస్వామి, దర్గా, రాస్‌హిల్ మేరీమాత. కొమ్మలు మూడు చోట్లా విరిగాయి. ఆ ప్రసంగీకుడు లూకా 13 తెరిచి ఉంటే ఆ మాట అనేవాడు కాదు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు. వాళ్లు ఊళ్లో అందరికన్నా అపరాధులా అని యేసే అడిగి, కారని యేసే జవాబు చెప్పాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి వీడి పాపమా, కన్నవాళ్ల పాపమా అని శిష్యులడిగితే రెండూ కాదన్నాడు. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని పక్కన కూచున్నంతసేపూ బాగానే ఉన్నారు, నోరు తెరిచి నీ పాపమే అన్నాకే చెడిపోయారు. చివర్లో దేవుడు తిట్టింది వాళ్లనే.

మరి తుఫాను ఎందుకొచ్చింది? బంగాళాఖాతంలో వాయుగుండం బలపడింది కాబట్టి. దేవుడు ఎందుకు ఆపలేదు? తెలీదమ్మా. డెబ్బై రెండేళ్లొచ్చాయి, తెలీదు. పాపకి మాత్రం ఈ ఒక్కటీ ఈ రాత్రే చెప్పండి: ఎనిమిదేళ్ల నీవల్ల రేకులు ఎగరలేదు.

మధురవాడ నుంచి:

మాస్టారూ, అదే లూకా 13లో మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారని కూడా ఉంది. అది వదిలేశారు.

పాతనగరం మాస్టారు:

ఉంది, వదిలేయడం నా తప్పే. కానీ ఆ మాట ఎవరితో అన్నాడో చూడు. ఎదురుగా నిలబడి అడుగుతున్నవాళ్లతో. చచ్చిపోయినవాళ్ల మీద వెయ్యలేదు.

రిటైరైన నర్సు, మహారాణిపేట:

మిగతా చర్చ మీరు చేసుకోండి, నేను మాత్రల గురించే మాట్లాడతాను. షుగరు మాత్ర ఆపినవాళ్లకి చాలామందికి మొదటి కొన్ని రోజులు ఏమీ తెలీదు. నొప్పుండదు. అందుకే స్వస్థత వచ్చేసిందనుకుంటారు. లోపల మాత్రం నరాలు, రక్తనాళాలు దెబ్బతింటుంటాయి. కాలికి స్పర్శ పోతుంది, చెప్పులో రాయి ఉన్నా తెలీదు, పుండు పడుతుంది, అది మానదు. ఇన్సులిన్ మీదే బతికేవాళ్లు ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది. మీ మరిదిగారికి రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోమనండి, కనబడకపోతే కాలి కింద అద్దం పెట్టుకోమనండి. హెచ్‌బీఏ1సీ అని మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఉంటుంది, అది చేయించండి. షుగరు తగ్గిందంటే మాత్ర తగ్గించాల్సింది డాక్టరే.

నేనూ ప్రార్థించేదాన్నే. ఆపరేషను ముందు ఎంతమంది చేతులు పట్టుకుని ప్రార్థించానో. కానీ మాత్రలు మానమని బైబిల్లో ఎక్కడుందండీ? సువార్త రాసిన లూకా వైద్యుడే. తిమోతి కడుపు జబ్బుకి పౌలు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు, విశ్వాసం చాలలేదు అనలేదు. షుగరు లాంటి జబ్బుల్ని మంత్రాలతో, తాయెత్తులతో నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి చట్టమే నేరమంది. బాబాయి వేలికి జవాబు చెప్పాల్సింది ఆ మాట అన్నవాడు. దేవుడి మీదకి తొయ్యొద్దు.

ఆ కూటాల్లో కానుక ఇవ్వకపోతే శాపం అన్నారా? అంటే రెండో కొరింథీ 9 చూపించండి, "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" అని ఉంది.

గోపాలపట్నం నుంచి:

ప్రసాదం సంగతి నేను చెప్తాను, మా ఇంట్లో ఇది రోజూ ఉండేదే. నేను చర్చి ఇంటి పిల్లని, అత్తారు అప్పన్న భక్తులు. చందనోత్సవం రోజు తెల్లారక ముందే కొండ మీద లైన్లో ఉంటారు. పెళ్లైన కొత్తలో మా అత్తయ్యగారు పులిహోర చేతిలో పెడితే చెయ్యి వెనక్కి లాగేశాను. ఆవిడ మొహం ఇప్పటికీ గుర్తుంది. పౌలు మొదటి కొరింథీ 8లో విగ్రహం వట్టిదే, తింటే వచ్చిందీ లేదు, మానితే పోయిందీ లేదంటాడు. 10కి వచ్చేసరికి, ఇది అర్పించినదని ఎవరైనా చెప్తే వాళ్ల మనస్సాక్షి కోసం తినొద్దంటాడు. మా సంఘంలో తినరు. నేను ఇప్పుడు రెండు చేతులా తీసుకుని, మా ఆయన కంచంలో పెడతాను. అత్తయ్యకి తెలుసు, ఏమీ అనరు. పాప తినేసిందంటే కొంప మునగలేదండీ. స్నేహితురాలు ప్రేమతో పెట్టింది. ఇకమీద తినాలా వద్దా దాన్నే ఆలోచించుకోనివ్వండి, చేతిని మాత్రం నాలాగా లాక్కోవద్దనండి.

పాతనగరం మాస్టారు:

ఈ అమ్మాయి నాకన్నా బాగా చెప్పింది.

రూమ్మేట్ నరకం గురించి సంఘాలన్నీ ఒక్క మాట మీద లేవు. "నేనే మార్గమును" అన్న మాట పట్టుకుని క్రీస్తుని ఒప్పుకోనివాళ్లకి రక్షణ లేదని చాలా ప్రొటెస్టెంటు సంఘాలు అంటాయి. కతోలికులు 1964లో రెండో వాటికన్ మహాసభలో, తమ తప్పు లేకుండా క్రీస్తుని ఎరగని మనిషి మనస్సాక్షిని బట్టి నడిస్తే రక్షణ పొందవచ్చని రాశారు. నా మటుకు నేను, తీర్పు తీర్చే కుర్చీ నాది కాదని ఊరుకుంటాను. అది తప్పించుకోవడం అని మా అబ్బాయి అంటాడు. కావచ్చు.

తెల్లోళ్ల మతమా? యేసు పుట్టింది ఆసియాలో. కేరళ సిరియను క్రైస్తవులు వాస్కోడిగామా ఓడ రాకముందే ఇక్కడున్నారు. మన విశాఖకి లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ 1805లో వచ్చారు. వాళ్ల తెలుగు బైబిలు అనువాదానికి చెయ్యందించింది ఆనందరాయరు అనే మన బ్రాహ్మడు. సువార్తలు మూడు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యేనాటికి ఆ దొరలిద్దరూ బతికి లేరు. ఏళ్లు గడిచినా వాళ్ల సంఘంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరిచి పాపకి చూపించండి, చాలా పాటల మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పర్లాకిమిడి వైపు పుట్టిన పురుషోత్తమ చౌదరిగారివి అందులో బోలెడు. అవి లండన్ నుంచి దిగుమతి కాలేదు.

బియ్యం మాటకి ఒంగోలు సంగతి. 1876 నుంచి 78 దాకా కరువు. అక్కడి అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. కూలి కోసం చేరుతున్నారనిపించుకోకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం పని అయిపోయాక, 1878 జూలై 3న ఒక్క రోజునే 2,222 మంది గుండ్లకమ్మ నీళ్లలో దిగారు. వాళ్లలో తిండి పెట్టాడన్న కృతజ్ఞత ఉన్నవాళ్లు లేరని నేననను. కానీ వాళ్లలో చాలామంది ఊరి బావిలో చేద వేయనివ్వని కులాలవాళ్లు. పేరు పెట్టి పిలిచి పక్కన కూచోబెట్టుకున్న చోటికి వెళ్లారు. దాన్ని బియ్యం అనేవాళ్లని, ఆ బావి గట్టు మీద ఎవరు నిలబడ్డారో కూడా అడగమనండి.

గాజువాక అమ్మ:

అందరికీ పేరుపేరునా వందనాలు. రాత్రి పాపని కూచోబెట్టి మాస్టారి జవాబులన్నీ చదివాను. తుఫాను దగ్గర ఆగిపోయింది. "నీవల్ల ఎగరలేదు" అన్నది నేను చదవలేకపోతే అదే ఫోను తీసుకుని చదువుకుంది. తర్వాత లేచెళ్లి చల్లారిపోయిన ముదురుపాకం అరిసె ఒకటి తెచ్చుకుని నమిలింది. పళ్లూడతాయే అంటే నవ్వింది.

మరిది మాత్రల షీటు బైబిల్లో యాకోబు పత్రిక దగ్గర పెట్టుకుంటున్నాడు, చదివేటప్పుడు గుర్తొస్తుందంట. పరీక్షకి సోమవారం తీసుకెళ్తాం. ప్రసాదం మాట రూమ్మేట్‌కి ఫోన్లో చెప్పింది. "ఈసారి పులిహోర మా ఇంట్లో చేసింది తెస్తాలే, దేవుడికి పెట్టకముందు తీస్తాను" అందంట ఆ పిల్ల.

త్రిత్వం గురించి, అదే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్క దేవుడే అన్నది మాత్రం ఇంకా ఒప్పుకోవట్లేదు, లెక్క కుదరట్లేదంటోంది. మాస్టారూ, ఆదివారం ఆరాధనయ్యాక దాన్ని తీసుకుని మీ ఇంటికి రావచ్చా? పాత పోస్టాఫీసు దగ్గర దిగితే దగ్గరా, ముందు స్టాపులోనా?

పాతనగరం మాస్టారు:

పాత పోస్టాఫీసు దగ్గరే దిగండి, ఎదురొస్తాను. త్రిత్వం లెక్క నాకూ కుదరదు, కూచుని చూద్దాం. అరిసెలు మిగిలితే రెండు తేండి, నానబెట్టుకు తింటాను.