80 మిగిలితే మొదటి డార్ట్ ఎటు వేయాలి?

డార్ట్స్ బాగా ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి అన్నా. మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర ఫ్రెండ్ మేడ మీద బోర్డు కట్టుకుని రోజూ సాయంత్రం నలుగురం 501 ఆడతాం, అంటే 501 నుంచి తగ్గించుకుంటూ సున్నాకి రావాలి, చివర బోర్డు అంచున రెట్టింపు స్కోరు వచ్చే డబుల్‌తోనే ముగించాలి.

నిన్న నాకు 80 మిగిలింది, చేతిలో మూడు డార్ట్స్, అవతలివాడు 40 మీద కాచుకుని ఉన్నాడు. నేను ట్రిపుల్ 20కి (మూడు రెట్లు వచ్చే లోపలి సన్నని గడి) వేశాను, ఎందుకంటే అది తప్పి సింగిల్ 20 పడినా 60 మిగులుతుంది, ఇంకో 20, తర్వాత డబుల్ 20, అంతే కదా. మా వాడు మాత్రం ట్రిపుల్ 16 వేయాల్సింది అంటున్నాడు. అది పడితే డబుల్ 16 మిగులుతుంది, అక్కడ లోపలికి జారి సింగిల్ 16 పడినా డబుల్ 8, అదీ జారితే డబుల్ 4 ఉంటాయి. అదే నా దారిలో ట్రిపుల్ 20 పడితే 20 మిగులుతుంది, ఆ డబుల్ 10 జారితే డబుల్ 5, అదీ జారితే 5 మిగిలి మళ్లీ బేసి సంఖ్యే. కానీ తను చెప్పినట్టు వేసి సింగిల్ 16 పడితే 64 మిగులుతుంది, రెండు డార్ట్స్‌తో ముగించాలంటే మళ్లీ ట్రిపులో, మధ్యలో 50 వచ్చే బుల్లో, లేదంటే వరసగా రెండు డబుల్సో కొట్టాల్సిందే, నాకు అంత గురి లేదు. అవతలివాడు 40 మీద ఉన్నప్పుడు ఏది నయం?

ఇంకొకటి, నా డార్ట్స్ 20 పక్కనున్న 1, 5లోకే ఎక్కువ పోతున్నాయి. స్కోరు కోసం 19కి మారితే పక్కన 3, 7 ఉంటాయి కాబట్టి లాభమా, లేక 20 మీదే ప్రాక్టీస్ చేయాలా?