పార్టీ మీద కోపంతో టీకా వద్దంటున్న నాయనకు ఎలా చెప్పాలి?

మాది చిత్తూరు. మా నాయనకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. ఫ్లూ టీకా వేయించుకోమని డాక్టరు చెప్పి మూడు వారాలైంది, ససేమిరా అంటున్నాడు. 2021 జనవరిలో మనుషుల మీద మూడో దశ ప్రయోగాల ఫలితాలు రాకముందే కోవిడ్ టీకా కోవాగ్జిన్‌కు అనుమతి ఇచ్చారు, సర్టిఫికెట్ మీద ప్రధాని ఫోటో వేశారు. అప్పటి నుంచి ఏ టీకా అయినా ఆయనకు పార్టీ ప్రచారమే. ఆ తొందర మీద ఆయనకొచ్చిన అనుమానం తప్పని నేనూ అనను. కానీ అదే ఏడాది నవంబరులో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన, ఆ టీకాకు 77.8 శాతం సామర్థ్యం ఉందన్న లెక్క చూపిస్తే, 'అదీ వాళ్లు రాయించిందే' అన్నాడు. డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడించాను. నాయన పార్టీలోనే ఉన్న మా మామతో చెప్పించాను, 'నువ్వూ అమ్ముడుపోయినావా' అన్నాడు. వాదించే కొద్దీ బిగుసుకుపోతున్నాడు, నాకేమో టెన్షన్. మీ ఇంట్లో ఇలా టీకాకు పార్టీని ముడిపెట్టిన పెద్దవాళ్లు మనసు మార్చుకుని ఉంటే, ఎవరు ఏం చెప్తే విన్నారు?